పట్టా నంబరు 18

ఇంట్లో వైఫైకి తగిలిన ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిస్తే చాలామందికి 192.168తో మొదలయ్యే అడ్రసొకటి కనిపిస్తుంది. పక్క ఫ్లాట్‌లోనూ అదే ఉండొచ్చు. ఒకే డోర్ నంబరు ఇన్ని ఇళ్లకి ఎలా వచ్చింది? ఇదో భూపంపకం కథ.

1970లలో ఆర్పానెట్‌లో ఎవరికి ఏ నంబరో రాసిపెట్టుకున్నది జాన్ పోస్టెల్. పెద్ద గడ్డం, కాళ్లకి శాండల్స్. నంబరు కావాలంటే ఆయన్ని అడగాలి, అంతే. 1981 సెప్టెంబరులో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 791 ఒక్కో అడ్రసుకి 32 బిట్లు ఇచ్చింది. మొత్తం సుమారు 429 కోట్లు. అప్పటికి భూమ్మీద జనాభా 450 కోట్లు. మనిషికొకటి కూడా రాదు. కానీ నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల మిషన్లే, ఎవరికి పట్టింది!

నన్నడిగితే పొరపాటు ఆ అంకెలో కన్నా కొలతల్లో ఎక్కువుంది. ఉన్నవి మూడే సైజులు. క్లాస్ ఎ అంటే కోటీ 67 లక్షల అడ్రసులు, బి అంటే 65,536, సి అంటే 256. మూడొందల మిషన్లున్న కాలేజీకి సి చాలదు, బి ఇవ్వాల్సిందే. మిగిలిన 65 వేలూ బీడు. 18తో మొదలయ్యేవన్నీ ఎంఐటీవి, 36తో మొదలయ్యేవి స్టాన్‌ఫోర్డ్‌వి, 13 జిరాక్స్ కంపెనీది. మిషన్ తనతో తాను మాట్లాడుకోడానికని 127 మొత్తం పక్కన పెట్టేశారు. మనం వాడేది మాత్రం ఒక్క 127.0.0.1.

1993లో క్లాసులు తీసేసి, అవసరమైనంతే కొలిచి ఇచ్చే పద్ధతి తెచ్చారు. విఎస్‌ఎన్‌ఎల్ మన జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. పెద్ద కమతాలు అప్పటికే వేరేవాళ్ల పేరున ఉన్నాయి.

1994లోనే నాట్ అనే ఉపాయం వచ్చింది. లోపల ఎవరికి వాళ్లు 192.168 లాంటి నంబర్లు పెట్టుకోవచ్చు, బయటికి మాత్రం అందరిదీ ఒకే అడ్రసు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నట్టు. లోపలివాళ్లు బయటికి పోవచ్చు, బయటివాడు నేరుగా వచ్చి తలుపు కొట్టలేడు. ఏ మిషనైనా ఏ మిషన్నైనా పిలవగలగాలన్న మొదటి ఊహ ఇక్కడే దెబ్బతింది. సొంత సైటుని ఇంట్లో కంప్యూటర్ మీంచే నడపడం కష్టమైపోయి అందరం అద్దె సర్వర్లకి చేరడానికి ఇదీ ఒక కారణం.

స్టాన్‌ఫోర్డ్ 2000లో తన 36ని మర్యాదగా వెనక్కి ఇచ్చేసింది. ఎంఐటీ 2017లో 18లో దాదాపు సగం అమ్మకానికి పెడితే అమెజాన్ పెద్ద ముక్కే కొనుక్కుంది. ఊరికే వచ్చిన జాగా! ఈలోగా 2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖాతాలోని ఆఖరి ఐదు బ్లాకులూ పంచేశారు.

128 బిట్ల ఐపీవీ6 పూర్తి నిర్వచనం 1998 డిసెంబరులో వచ్చింది. పోస్టెల్ ఆ అక్టోబరులోనే పోయాడు. ఆ కొత్త అడ్రసులు వాడటంలో ఇవాళ మన దేశం ముందు వరసలో ఉంది. 2016లో జియో కొత్తగా వేసిన నెట్‌వర్క్‌కి పాత నంబర్లు సరిపడా దొరికేవి కావు మరి.