వేరుశనగ పన్ను వర్గీకరణ

వస్తు సేవల పన్ను 2017 జులై 1న వచ్చాక అనంతపురం పీఠభూమి వేరుశనగకు హెచ్‌ఎస్‌ఎన్ సంకేతం (పన్ను కోసం సరుకును వర్గీకరించే అంకెలు) వెతకడం వ్యాపారి నిత్యకృత్యం. ఎర్రనేలల్లో వానాధారంగా పండే ఈ పంటకు ఒకే సంకేతం లేదు. ఒలవని కాయ 1202 41, ఒలిచిన గింజ 1202 42, విత్తనం 1202 30. నూనె 1508, చెక్క 2305. బాణలిలో వేయించగానే అదే గింజ 2008కి పోతుంది, 1202 శీర్షికలోనే ‘వేయించనివి, వండనివి’ అన్న షరతు ఉంది గనక. కాబట్టి సరుకు పేరు కంటే అమ్మే నాటికి అది ఏ స్థితిలో ఉందన్నదే ముందు చూడాలి; శీర్షికల మాటలు, అధ్యాయాల నోట్సు చదవకుండా పేరుతో వెతికితే దారి తప్పుతుంది.

విత్తనం సంగతేమిటని అడగవచ్చు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 రకం విత్తనకాయ, నూనె మిల్లుకెళ్లే కాయ పక్కపక్కన పోస్తే కంటికి తేడా తెలియదు. అయినా విత్తన నాణ్యత ఉన్నదానికి పన్ను లేదు, మిగతాదానికి 5 శాతం. అభ్యంతరం సబబే. ఇక్కడ స్థితి చాలదు, విత్తనంగా అమ్మినట్టు చూపే ట్యాగు, బిల్లు కావాలి. చిన్న వర్తకుడికి ఇంత లోతు ఎందుకనేది మరో వాదన. రూ.5 కోట్ల లోపు టర్నోవరుకు నాలుగంకెలు చాలన్నది నిజమే, కానీ 1202 అనే ఆ నాలుగంకెల కిందే రెండు రేట్లున్నాయి. ఇది చట్టం పెట్టిన చిక్కే.