పదుగురు కూడిన ప్రార్థన

ఏకాంతమున దైవమును ధ్యానించు మార్గము యూదులకును కలదు; కాని పదుగురు వయోజన పురుషులు కూడినగాని సమష్టిప్రార్థనలోని పరమపవిత్ర భాగములు పలుకరాదనియు, తోరా యను ధర్మశాస్త్రపు చుట్టను సభలో విప్పి చదువరాదనియు వారి పూర్వులు విధించిన నియమము, వారు ఏ దేశమున నివసించినను శతాబ్దులతరబడి వారిని ఒకరి చెంత నొకరిని నిలిపినది. సమాజమందిరమునకు ఆ పదుగురే ప్రాణము. ఈ సత్యమును, దాని వెనుకనున్న సుఖదుఃఖములను, కొచ్చి నగరమున మట్టాంచేరిలోని పరదేశి సమాజమందిరపు చరిత్ర కన్నులకు కట్టినట్లు తెలుపుచున్నది.

మలబారు తీరమున యూదులు ప్రాచీనకాలము నుండియు వర్తకులై నివసించిరి. క్రీ.శ. 1000 ప్రాంతమున చేరరాజు భాస్కర రవివర్మ వారి నాయకుడగు జోసెఫ్ రబ్బానునకు పల్లకి, గొడుగు, పగటిదివిటీ, భేరీకాహళములు మొదలగు గౌరవములతోడను, సుంకపు రాబడితోడను కూడిన 72 హక్కులను వంశపరంపరగా అనుభవింపుమని తామ్రశాసనము వ్రాసి యిచ్చెను. 1341లో పెరియారు వరద క్రంగనూరు రేవును పూడ్చి కొచ్చి రేవునకు దారి తెరచుటచేతను, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి పీడనము దుస్సహమగుటచేతను యూదులు క్రమక్రమముగా కొచ్చి రాజుల నీడకు చేరిరి. రాజు తన రాజభవనము చెంతనే, దేవీ ఆలయమునకు ఆనుకొనియున్న స్థలము నొసగగా, దూరదేశముల నుండి వచ్చి స్థిరపడిన పరదేశి యూదులు 1568లో అచట ఈ ప్రార్థనామందిరమును నిర్మించుకొనిరి. స్వధర్మము నాచరించినందులకు తమను హింసింపని దేశమని భారతదేశమును కొచ్చి యూదులు కృతజ్ఞతతో స్మరించుటకు ఈ పొరుగుదనమే హేతువు. 1662లో పోర్చుగీసువారి చేత చెడిన మందిరము, మరుసటి యేట డచ్చివారు కొచ్చిని గెలిచిన పిదప పునరుద్ధరింపబడెను. డచ్చి కంపెనీతో మిరియాల వ్యాపారము సాగించిన వర్తకులలో అగ్రగణ్యుడగు ఎజెకియేల్ రహబీ 18వ శతాబ్ది మధ్యమున గడియారపు గోపురమును కట్టించి, చైనాలోని కాంటను నుండి నీలిచిత్రములు చేతితో వ్రాసిన పింగాణి పలకలను తెప్పించి నేలపై పరపించెను.

ఆ నేలపై పాదరక్షలు విడిచి అడుగిడుట పొరుగునున్న ఆలయములందలి మర్యాదయే. యెరూషలేము దిక్కగు పడమట తోరా చుట్టలుంచు మందసమును, సభామధ్యమున ఇత్తడి కమ్ముల వేదికయు గాక, మేడమీద స్త్రీల ఆసనముల ముంగిట రెండవ వేదికయు కలదు. ఇది కేరళ యూదుల మందిరములకు మాత్రమే చెల్లిన ఏర్పాటు. విశ్రాంతిదినములందును పండుగలందును తోరాపఠనము ఆ పైవేదిక నుండి జరుగుటచే, తెర వెనుక కూర్చున్న స్త్రీలే పవిత్రవాక్యమునకు మిక్కిలి చేరువనుండిరి. రబ్బీలనబడు మతగురువులు లేని ఈ సమాజమున పెద్దలే ప్రార్థన నడుపుచుండగా, బాలురు పిన్నప్రాయము నుండియే పఠనమున పాల్గొనుచు స్వరమును, పాఠమును విని నేర్చుకొనుచుండిరి. శుక్రవారము ప్రొద్దు క్రుంకు వేళకు కొబ్బరినూనె దీపములు వెలుగుటతో అంగళ్లు మూతపడి యూదుల వీధి అంతయు ప్రార్థనకు కదలుచుండెను. సంవత్సరపు తోరాపఠనము ముగిసి మరల మొదలగు సిమ్హత్ తోరా నాడు మందసము తెరచి, కిరీటములు ధరించిన చుట్టలను చేతులనెత్తుకొని, మందిరములోపలనే గాక వెలుపలను పాడుచు ప్రదక్షిణము చేయుట కొచ్చి వారి విశేషాచారమై యుండెను.

మందిరమున జరుగు ఆరాధన ఇండ్లలోనికిని ప్రవహించెను. పస్కాపండుగకు నెలలు ముందుగనే స్త్రీలు ఇండ్లకు వెల్లవేయించి, బావులు తోడించి, ధాన్యమును గింజగింజ ఏరి శుద్ధి చేయుచుండిరి. వివాహములందు వధువునకు తాళి కట్టుటయు ఉండెను. పెండ్లిండ్లలో స్త్రీలు పాడిన మలయాళ గీతములు, చేతివ్రాత పుస్తకములలో తల్లి నుండి కూతునకు సంక్రమించుచు, బైబిలు గాథలను కేరళ బాణీలలో నిలిపినవి.

ఇంతటి సమాజమునందును ఒక అన్యాయము చిరకాలము నిలిచెను. పరుల దేశమున గౌరవము పొందినవారు, తమ పూర్వదాసుల సంతతి యని తలచిన తోటి యూదులకు తమ మందిరమున సమానాసనము నీయరైరి. వారు వెనుక నేలపై కూర్చుండవలసినవారే గాని పఠనమునకు పిలువబడువారు కారు. ఆ వర్గమున జన్మించి న్యాయవాదియు, కొచ్చి శాసనసభ్యుడును అయిన ఏ. బి. సేలం, గాంధీ మహాత్ముని మార్గమున ఆ మందిరముననే సత్యాగ్రహము సల్పెను. ఆ పోరాటఫలముగా ఆంక్షలు ఒకటొకటిగా సడలినవి.

కాని తలుపులు తెరచుకొనునప్పటికి కాలము మారినది. ఇజ్రాయేలు రాజ్యము వెలసిన పిదప, 1950ల నుండి కేరళ యూదులలో అత్యధికులు అచటికి తరలి, నెవాతిం మొదలగు వ్యవసాయగ్రామములలో స్థిరపడిరి. 1968లో మందిరపు నాలుగువందల యేండ్ల ఉత్సవమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ విచ్చేయగా, తపాలాశాఖ స్మారక తపాలాబిళ్లను విడుదల చేసెను. అయినను తరువాతి దశాబ్దములలో పదుగురిని కూర్చుటకు ఎర్నాకుళపు యూదుల కొరకును, దైవికముగా వచ్చు యూదయాత్రికుల కొరకును ఎదురుచూడవలసి వచ్చెను. ఇటు మన గుంటూరు మండలమున చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రములలో నొకటియగు ఎఫ్రాయీము సంతతివారమని విశ్వసించు కొలది తెలుగు కుటుంబములు 1991లో ఒక చిన్న మందిరము నేర్పరచుకొని హీబ్రూ ప్రార్థనలు పలుకుచున్నవి. దానికి పింగాణి నేల లేదు, గడియారపు గోపురము లేదు, కూడియుండవలెనను సంకల్పము మాత్రము కలదు.

గోడలను, దీపములను, పలకలను కాపాడుట ప్రభుత్వములకు సాధ్యము, అది వాని ధర్మమును. పదుగురిని నిలుపుట మాత్రము, తలుపు చెంత నిలిచినవానిని తమలో నొకనిగా సకాలమున ఎంచగల సమాజమునకే సాధ్యము. సేలం కోరినది అదియే. కొచ్చి చరిత్ర మనకు బోధించుచున్నదియు అదియే.