వెలికి గురైనవారు వేసిన వెలి

మార్మన్ల గురించి మన పత్రికలో వ్యాసమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఎక్కడో అమెరికాలో పుట్టిన మతశాఖ. అందులోని స్వలింగ ప్రేమికుల గోడు మన ఉద్యమానికి సంబంధించిన సమస్యేనా? సంబంధించినదేనని నా అభిప్రాయం. పీడితుడు పీడకుడుగా మారే క్రమం ఈ చరిత్రలో చాలా స్పష్టంగా కనబడుతుంది.

1830లో న్యూయార్కు రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ సంఘాన్ని స్థాపించాడు. 1844లో ఇల్లినాయి రాష్ట్రంలో, కార్తేజి జైలులో వున్న అతన్ని అల్లరిమూక కాల్చి చంపింది. 1847లో బ్రిగం యంగ్ నాయకత్వాన ఆ జనం సాల్ట్ లేక్ లోయకు చేరుకున్నారు. వారిపై లోకానికున్న ఆగ్రహానికి ముఖ్యకారణాలలో వివాహపద్ధతి ఒకటి. 1852లో వారు బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించారు. అది స్త్రీకి న్యాయం చేసిందని నేననను. కాని ప్రభుత్వం చేసినదేమిటి? 1882 చట్టంతో బహుభార్యాత్వం పాటించేవారి ఓటుహక్కు తీసివేసింది. 1887 చట్టంతో సంఘం ఆస్తుల మీద చేయివేసింది. 1890లో ప్రవక్త విల్‌ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని విడనాడుతున్నట్లు ప్రకటించాడు. 1896లో యూటాకు రాష్ట్రప్రతిపత్తి దక్కింది.

దైవాజ్ఞగా చెప్పబడినది చట్టం ముందు, ఆస్తి ముందు మారింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ బోధపడుతుంది.

ఒకప్పుడు పెళ్ళి విషయంలోనే వెలికి గురైన ఈ జనం, ఇరవయ్యో శతాబ్దంలో మర్యాదగల అమెరికన్ కుటుంబానికి కాపలాదారులైనారు. వారి సిద్ధాంతంలో పరమోన్నత స్వర్గపదవి స్త్రీపురుష వివాహం లేనిదే లభించదు. కనుక స్వలింగ ప్రేమ వారికి ఒక పాపం మాత్రమే కాదు. పరలోక నిర్మాణానికే ఎసరు. 1969లో స్పెన్సర్ కింబాల్ ‘ది మిరకిల్ ఆఫ్ ఫర్గివ్‌నెస్’ అనే గ్రంథంలో దాన్ని ప్రకృతివిరుద్ధమైన నేరంగా వర్ణించాడు. 1970లలో బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో స్వలింగ ప్రేమికులకు విద్యుద్ఘాతాలతో ‘చికిత్స’ చేశారు. అక్కడి 1976 నాటి డాక్టరేటు పరిశోధనే దానికి సాక్ష్యం. మరుసటి సంవత్సరమే, 1977లో, స్వలింగ ప్రేమికులైన మార్మన్లు ‘అఫర్మేషన్’ అనే సంఘం పెట్టుకున్నారు. 1978లో నల్లజాతి పురుషులకు పౌరోహిత్యపు తలుపు తెరిచిన ప్రవక్త కూడా ఆ కింబాలే! ఒక తలుపు తెరిచిన చేయి మరొక తలుపు మూసే వుంచింది.

సాహిత్యం వీరినెట్లా చిత్రించింది? టోనీ కుష్నర్ ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’కు 1993లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో జో పిట్ మార్మన్ న్యాయవాది, రిపబ్లికన్. తన స్వభావాన్ని దాచి, భార్యను వంచిస్తూ, తానూ నలిగిపోతాడు. చివరి దృశ్యంలో అతని తల్లి హన్నాకు చోటున్నది, అతనికి లేదు. నాటకకర్త మార్మన్ తల్లిని క్షమించగలిగాడు గాని మార్మన్ కొడుకును క్షమించలేకపోయాడు. ఇంతకంటె ఆర్ద్రమైనది కెరొల్ లిన్ పియర్సన్ 1986లో ప్రచురించిన స్వీయగాథ. స్వలింగ ప్రేమికుడైన భర్త నుండి ఆమె విడిపోయింది. అతడు ఎయిడ్స్‌తో మరణించేదాకా సేవ చేసింది. ఆ భర్తా, ఆ భార్యా ఇద్దరూ ఒకే కట్టుబాటుకు బలి అయినవారే. చరిత్రకారుడు మైకేల్ క్విన్ తన రచనల కారణంగా 1993లో వెలికి గురైనాడు. 1996లో, పందొమ్మిదో శతాబ్దపు మార్మన్ సమాజంలో పురుషులకు పురుషులతో, స్త్రీలకు స్త్రీలతో వున్న గాఢానుబంధాలను గురించి గ్రంథం వెలువరించాడు. అతడూ స్వలింగ ప్రేమికుడే.

2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను నిషేధించే ఎనిమిదో ప్రతిపాదనకు కాలమూ ధనమూ వెచ్చించమని సంఘం తన సభ్యులను కోరింది. 2015 నవంబరులో స్వలింగ వివాహం చేసుకున్నవారిని మతభ్రష్టులుగా ప్రకటించి, వారి పిల్లలకు 18 ఏళ్ళు నిండేదాకా బాప్తిస్మం నిరాకరించింది. తమది ప్రపంచవ్యాప్తమైన సంఘం కనుక, 2012లో ‘స్టేక్’ ఏర్పడిన మన హైదరాబాదు మార్మన్లకూ ఆ నియమం వర్తించింది. అది దైవవాణి అని 2016 జనవరిలో రసెల్ నెల్సన్ అన్నాడు. 2019 ఏప్రిల్‌లో ఆయన ప్రవక్తగా వుండగానే ఆ నియమం రద్దయింది, అదీ దైవవాణే! 2022లో స్వలింగ వివాహాలకు రక్షణనిచ్చే సమాఖ్య చట్టాన్ని సంఘం సమర్థించింది. అయినా లోపల ఆ వివాహం ఇంకా పాపమే.

నవ్వడం తేలికే. కాని విద్యార్థి దశలో ఈ ప్రశ్నను ‘బూర్జువా క్షీణత’ అని కొట్టిపారేసినవారిలో నేనూ ఒకణ్ణి. జారు చక్రవర్తి నాటి నిషేధాన్ని విప్లవం తుడిచివేసింది. 1922 సోవియట్ శిక్షాస్మృతిలో అది లేదు. 1934లో తిరిగి వచ్చింది. 1993 దాకా, సోవియట్ యూనియనే అంతరించిన తరువాత కూడా, రష్యా చట్టంలో నిలిచింది. ఈ రాకకు దైవవాణి అవసరం కాలేదు; మన పరిభాషే సరిపోయింది.

వెలికి గురైనవాడు తన గాయాన్ని మరిచిననాడు కొత్త వెలికి పూనుకుంటాడు. మార్మన్ల చరిత్రలో నేను నేర్చుకున్న పాఠం ఇదే. ఆ పాఠాన్ని వారికి అప్పగించి చేతులు దులుపుకొనే హక్కు మనకు లేదు.