పెనుకొండ సీమలో నాట్యసభ: ఆడేవారు, చూసేవారు

ఐరోపా రాజాస్థానాలలో 'బాల్' అనే నృత్యసభకు ఆహ్వానం అందుకున్నవారు అక్కడికి ఆడటానికే వెళ్ళేవారు. తగిన దుస్తులు ధరించడం, అడుగులు ముందే నేర్చుకొని ఉండటం, జత కోరే పద్ధతి తెలిసి ఉండటం ఆ సభలో ప్రవేశానికి అర్హతలు. అతిథే నర్తకుడు. ఆస్థానాలు అంతరించినా ఆ ఆచారం అంతరించలేదు. 1939లో న్యూయార్కులో ప్రారంభమైన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశాలలో అభిమానులు ఇంగ్లండు రీజెన్సీ కాలపు, అంటే 1811-1820 నాటి, వేషధారణతో ఆనాటి వరుస నృత్యాలను ఆడటం కొన్ని దశాబ్దాలుగా కొనసాగుతున్న ఆనవాయితీ. తాము అభిమానించే కాలాన్ని చదివి ఊరుకోక, దాని బట్టలు తొడిగి, దాని అడుగులు వేయాలన్న కోరిక అందులో ఉంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో నాట్యసభకు దీర్ఘమైన చరిత్ర ఉంది. వేషం, మర్యాద, ఆహ్వానం, ఆసనక్రమం అన్నీ ఇక్కడా ఉన్నాయి. కాని అతిథి ఆడడు, చూస్తాడు. ఆడేవారికీ చూసేవారికీ మధ్య గీసిన ఈ గీత ఎంత గట్టిదో, ఎక్కడెక్కడ చెరిగిందో పరిశీలిస్తే ఈ సీమ నాట్యచరిత్రలో ఇంతవరకు పక్కకు తప్పుకున్న ఒక పార్శ్వం కనబడుతుంది. కళారూపాల చరిత్ర మనకు చాలినంత ఉంది. సభకు హాజరైనవారి చరిత్రే తక్కువ.

సభామర్యాదను శాస్త్రంగా చెప్పిన తెలుగువాడు జాయప సేనాని. కాకతీయ గణపతిదేవుని గజసేనాని అయిన ఇతడు 1253-54లో సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగు మార్గ సంప్రదాయానికీ, తక్కిన నాలుగు దేశి సంప్రదాయానికీ చెందినవి. చివరి అధ్యాయం నాట్యప్రదర్శనకూ, రంగశాలకూ, ముఖ్య అతిథిని ఆహ్వానించే తీరుకూ, అతని గుణాలకూ, ఆసనాల అమరికకూ సంబంధించినది. నాట్యం చూడటం కూడా నేర్చుకోవలసిన విద్యే అని ఈ గ్రంథప్రణాళిక సూచిస్తుంది. సభాపతికి అడుగులు వేయడం అవసరం లేదు. అడుగు తప్పితే తెలియడం అవసరం.

విజయనగరంలో 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల ప్రాసాదాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడ స్త్రీలకు నాట్యం నేర్పే ఒక శాలను వర్ణించాడు. అందులోని శిల్పఫలకాలు ఒక్కొక్క నాట్యం ముగింపు భంగిమను చూపేవట. నేర్చుకొనే స్త్రీ మరచిపోతే ఆ ఫలకం చూసి గుర్తు చేసుకొనేది. ఒళ్ళు సాగదీసుకోవడానికి చేతులతో పట్టుకొనే ఏర్పాటు కూడా ఉండేదని అతడు రాశాడు. శిల్పమంటే అలంకారమేనని భావించే పరిశోధకులు ఈ వాక్యాలను మళ్ళీ మళ్ళీ చదవవలసి ఉంది. అక్కడి శిల్పం పాఠ్యపుస్తకం. నర్తకులు రాణుల ఎదుట కూర్చొని వారితో తాంబూలం వేసుకోవచ్చుననీ, ఎంత హోదా కలవారికైనా మరెవరికీ ఆ చనువు లేదనీ కూడా పేస్ చెప్పాడు. చూసేవారికి లేని చనువు ఆడేవారికి ఉండటం గమనార్హం. సభలో వారి స్థానం కేవలం సేవకుల స్థానం కాదు.

ఆ రాజ్యానికే ముఖ్యమైన ప్రాంతీయ కేంద్రం పెనుకొండ. అక్కడి నంది లక్కిశెట్టి కుమారుడు విరుపణ్ణ, సోదరుడు వీరణ్ణతో కలిసి, అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో వీరభద్రాలయాన్ని విస్తరించాడు. ఆలయ నాట్యమండపంలో స్తంభాలే ఒక మేళం. బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు, నందికేశ్వరుడు హుడుక్క మోగిస్తాడు. రంభ ఆడుతుంది. మూడు కాళ్ళ భృంగి నాట్యాచార్యుడు. నేలను తాకని స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే యాత్రికులలో ఎక్కువమంది ఈ మేళాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. ఈ మండపంలో చూసేవారికి శిల్పం లేదు. ఆ చోటు మనుషులకు వదిలిపెట్టినది.

చూసేవారు ఎలా ఉండేవారో పైకప్పు చిత్రాలు చెబుతాయి. విరుపణ్ణ సోదరులు పరివారంతో దేవుణ్ణి కొలిచే చిత్రంలో పురుషుల తలలపై పొడవైన కుళ్ళాయిలున్నాయి. కుళ్ళాయి, కబాయి అనే ఈ కొలువు దుస్తులు పారశీక, అరబ్బు ప్రపంచం నుంచి వచ్చినవనీ, విజయనగర ప్రభువులు వాటిని సభావేషంగా బుద్ధిపూర్వకంగా స్వీకరించారనీ ఫిలిప్ వాగనర్ 1996లో ప్రతిపాదించాడు. ఇంట్లో కట్టే పంచె వేరు, కొలువుకు తొడిగే కబాయి వేరు. పురుషుల తలపాగాలో ఈ పరాయి ముద్ర ఎంత స్పష్టమో, అదే చిత్రాలలోని స్త్రీల చీరలలో స్థానిక నేత వైవిధ్యం అంత స్పష్టం. శాసనాలు విరుపణ్ణ తండ్రి పేరును కూడా భద్రపరిచాయి. ఆ మండపంలో రంభ పేరు మనకు తెలుసు, ఆమె భంగిమకు ప్రాణం పోసిన నర్తకి పేరు తెలియదు. ఈ సీమ నాట్యచరిత్ర రాసేవారికి ఎదురయ్యే అసలు చిక్కు ఇదే.

గీత చెరిగిన చోటు ఒకటుంది. అది కోలాటం. జాయప దండరాసకాన్ని దేశి నృత్యాలలో చేర్చాడు. హంపి హజారరామాలయ ప్రాకారంపై కర్రలు పట్టిన స్త్రీల వరుసలు నేటికీ కనిపిస్తాయి. 15వ శతాబ్ది తొలి దశకాలలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికొలో కాంటి భారతీయుల వివాహోత్సవాలను గురించి చెబుతూ, కొందరు తమ దేశంలోలాగే వలయంగా ఆడతారనీ, మరికొందరు వరుసగా సాగుతూ, చేతుల్లోని రెండేసి రంగుకర్రలను ఎదురైనవారితో మార్చుకుంటారనీ చెప్పాడు. ఇటలీ వ్యాపారికి ఇది తన ఊరి ఆటలా తోచింది. అది పొరపాటు కాదు. వరుసలు కట్టడం, ఎదురైనవారితో క్షణకాలం జతకూడి ముందుకు సాగడం ఇంగ్లండు వరుస నృత్యానికీ కోలాటానికీ సమానమే. భేదం నిర్మాణంలో లేదు, హోదాలో ఉంది. అక్కడ అది ప్రభువుల సభలోకి ఎక్కింది. ఇక్కడ పెళ్ళిళ్ళలో, ఊరేగింపులలో, భజనమందిరాల ముందు నిలిచింది.

1565 యుద్ధానంతరం అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. కొన్ని దశాబ్దాల తర్వాత కొలువు చంద్రగిరికి పోయింది. పెనుకొండలోని గగన్ మహల్ కమానులూ, గుడి గోపురాన్ని తలపించే శిఖరమూ ఆ మిశ్రమ సభాసంస్కృతికి మిగిలిన గుర్తు. 1800లో ఈ ప్రాంతం దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వచ్చింది.

కంపెనీ దొరలు తమ సభలలో భార్యలతో కలిసి తామే ఆడేవారు, జమీందారుల ఇళ్ళలో భోగం మేళాలు చూసేవారు. ఒకే మనిషి రెండు రకాల సభలకు రెండు రకాలుగా హాజరయ్యాడన్నమాట. ఈ హాజరే తర్వాత వివాదమైంది. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు గవర్నరుకూ, వైస్రాయికీ మహజరు పంపి, భోగం మేళం ఉన్న విందులకు వెళ్ళవద్దని కోరారు. తాము చూసిన వాటిలో అనౌచిత్యమేదీ కనబడలేదని వారు నిరాకరించారు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు అప్పటికే ఈ ఉద్యమాన్ని నడుపుతున్నాడు. ఉద్యమం గురిపెట్టింది చూపరుల మీద. చూపరులు తప్పుకుంటే ఆట ఆగుతుందని సంస్కర్తల అంచనా. ఆ అంచనా నిజమైంది, దాని మూల్యాన్ని చెల్లించినవారు మాత్రం ఆడినవారు. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం దేవుడికి అంకితమివ్వడాన్నే కాక, ఆలయ ప్రాంగణాలలోనూ దేవుని ఊరేగింపులలోనూ స్త్రీలు ఆడటాన్ని కూడా చట్టవిరుద్ధం చేసింది. అనంతపురం జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. నాట్యం కోసమే కట్టిన మండపాలలో నాట్యం నేరమైంది. అంకితం అనే దురాచారాన్ని తుడిచిన చేయే జీవనోపాధిని, విద్యను, తాంబూలపు చనువును కలిపి తుడిచింది. ఈ రెంటినీ విడదీసి చూడకుండా ఆ చట్టానికి జేజేలు పలకడమూ, దాన్ని నిందించడమూ రెండూ తేలికే.

హిందూపురం అభిమానసంస్కృతికి వేరే దారి ఉంది. ఎన్.టి. రామారావు 1985, 1989, 1994 ఎన్నికలలో ఇక్కడి నుంచి శాసనసభకు గెలిచాడు. 2014 నుంచి ఆయన కుమారుడు బాలకృష్ణ గెలుస్తున్నాడు. రామారావు 1963 నాటి నర్తనశాలలో బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పాడు. రాజకుమారి నాట్యం నేర్చుకోవచ్చు, కాని అంతఃపురంలో. వీరుడు ఆడవచ్చు, కాని మారువేషంలో. పాత గీత ఆ కథలోనూ చెరగలేదు. దాన్ని చెరిపినవారు కింద కూర్చున్న ప్రేక్షకులు. తెర ముందుకు వచ్చి, కథానాయకుడి అడుగులనే అతని పాట సాగినంతసేపూ వేసే అభిమాని, సభాపతి అనుమతి లేకుండా చూపరి నుంచి నర్తకుడయ్యాడు. విదేశీ సమావేశాలలో రీజెన్సీ దుస్తులు తొడిగే అభిమానికి ఇతడు దూరపు చుట్టం. అతడికి నృత్యగురువు ఉంటాడు, ఇతడికి తెరే గురువు. పేస్ చూసిన శాలలోని ఫలకంలాగా, మరచిన భంగిమను గుర్తుచేసేది ఆ తెరే.

2016లోనూ 2018లోనూ ప్రభుత్వం నిర్వహించిన లేపాక్షి ఉత్సవాలు మళ్ళీ సభను వేదిక, ప్రేక్షకులు అనే రెండు భాగాలు చేశాయి. అయితే వేదికపై ఇప్పుడున్నది వృత్తి కులం కాదు, రుసుము కట్టి నాట్యం నేర్చుకొనే ఇళ్ళ పిల్లలు. వారి కూచిపూడి దుస్తులను తరచుగా ధర్మవరం పట్టు చీరలను కత్తిరించి కుడతారు. ఒళ్ళు ఒక రంగు, అంచు మరొక రంగు ఉండే ఆ జరీ చీరలో అంచు భాగమే నర్తకి నడుం ముందు విసనకర్రలా విచ్చుకుంటుంది. ముందు వరుసలో కూర్చొని చూసే తల్లి కట్టిన చీర కూడా ధర్మవరందే. రెండూ ఒకే మగ్గం మీద నేసినవై ఉండవచ్చు.