ఒంటి ఇంజనా, జంట ఇంజన్లా? విమానచోదకుల తెగని వ్యాజ్యము

సూర్యభగవానుని రథమునకు చక్రమొక్కటే యనియు, సారథియైన అనూరునకు తొడలే లేవనియు పురాణములు వర్ణించినవి. అయినను ఆ రథము దినదినమును ఆకాశమార్గమున సాగిపోవుచునే యున్నది. రెండవ చక్రము లేదే యని దిగులుపడిన దేవత యొక్కడును లేడు. మానవుడు నిర్మించుకొనిన గగనరథముల విషయమున మాత్రము ఈ దిగులు తప్పలేదు. ఒక్క ఇంజనుతో ఎగురుట మేలా, రెండింటితో ఎగురుట మేలా అను ప్రశ్న చోదకుల నడుమ దాదాపు నూరేండ్లుగా నలుగుచున్నది. నేలపై కూర్చుండి యోచించువారికి ఇందు వ్యాజ్యమే లేదని తోచును. ఒకటి చెడిన రెండవది యుండును గదా! కాని విమానము నడుపువానికి ఈ విషయము అంత సులువుగా కనబడదు.

న్యూయార్కు, పారిస్ నగరముల నడుమ ఎక్కడను దిగక ఎగిరినవారికి 25 వేల డాలర్ల బహుమానము 1919లో ప్రకటింపబడెను. 1926 సెప్టెంబరులో ఫ్రెంచి యుద్ధవీరుడు రెనె ఫాంక్ మూడు ఇంజన్ల సికోర్‌స్కీ విమానముతో ఇందుకు పూనుకొనెను. మితిమీరిన బరువుతో అది నేల విడువజాలక కూలి మంటల పాలయ్యెను, ఇద్దరు మరణించిరి. అంతట చార్లెస్ లిండ్‌బర్గు అను 25 ఏండ్ల తపాలా విమానచోదకుడు అందరి సలహాలకును ఎదురేగి ఒంటి ఇంజను విమానమునే కోరుకొనెను. ఆతని తర్కమిది: ఇంజన్లు మూడైనచో చెడిపోవు అవకాశములును మూడు రెట్లగును, నిండు ఇంధనముతో సముద్రముపై నున్నప్పుడు వానిలో నొకటి చెడినచో మిగిలిన రెండును విమానమును మోయజాలవు. ఇక రెండవ మూడవ ఇంజన్లవలన కలుగు లాభమేమి? 1927 మే 20వ తేదీ ఉదయమున బయలుదేరి, 223 గుర్రపు బలము గల ఒక్క ఇంజనుతో, ముప్పదిమూడున్నర గంటలలో ఆతడు పారిస్ చేరెను.

గెలిచినాడు గనుక ఆతని తర్కమే సత్యమనుట న్యాయము గాదు. ఆతనికి పండ్రెండు దినములు ముందుగా పారిస్ నుండి ఎదురు దారిని బయలుదేరిన నంజెసెర్, కోలీ అను వారిదియు ఒంటి ఇంజను విమానమే. వారేమైరో నేటికిని తెలియదు. గెలిచినవాని సాక్ష్యమే చరిత్రలో మిగులును. మునిగినవాని సాక్ష్యము వానితోనే మునుగును.

ఆనాటి ఇంజన్లు పిస్టను ఇంజన్లు. ఒకప్పుడు మన ధాన్యపు మిల్లులలో దడదడలాడుచుండిన చమురు ఇంజనును చూచినవారికి వాని స్వభావము తెలియును. లోపలి ముక్కలు నిమిషమునకు వేలమార్లు ముందుకు వెనుకకు కొట్టుకొనుచుండును. కొట్టుకొనునది ఎప్పుడో ఒకనాడు విరుగును. టర్బైను మార్గము వేరు. కిరసనాయిలు వంటి ఇంధనమును మండించి, ఆ వేడిగాలి తాకిడితో రేకుల చక్రమును త్రిప్పుదురు. ప్రవాహము నీటిచక్రమును త్రిప్పినట్లే ఇదియును. ఆ చక్రము పండ్లచక్రముల ద్వారా ముందున్న ప్రొపెల్లరును త్రిప్పును. తిరుగుడే గాని కొట్టుకొనుట లేదు. ఇదియే టర్బోప్రాప్. హంగరీ దేశస్థుడైన యెండ్రాసిక్ నిర్మించిన ఇట్టి ఇంజను 1940లో బుడాపెస్టు నగరమున మొదట తిరిగెను. 1945 సెప్టెంబరు 20న ఇంగ్లండులో మీటియర్ విమానము రెండు టర్బోప్రాప్ ఇంజన్లతో ఎగిరెను. 1948లో నాలుగింజన్ల వైకౌంట్ వచ్చెను. 1957లో అది మన ఇండియన్ ఎయిర్‌లైన్సు సేవలోనికిని ప్రవేశించెను.

అయితే ఈ వ్యాజ్యమును మరల రేపినది చిన్నదైన యొక కెనడా ఇంజను. ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పి.టి.6 అను ఈ ఇంజను 1959లో పరీక్షశాలలో తిరిగి, 1961లో ఆకాశమెక్కెను. దీని కొక వింత గలదు. గాలి వెనుకనుండి ప్రవేశించి ముందుకు పోవును. పొగగొట్టములు ప్రొపెల్లరునకు దగ్గరగా నుండును. 1964లో బీచ్‌క్రాఫ్ట్ వారు రెండు పి.టి.6 ఇంజన్లతో కింగ్ ఎయిర్ విమానమును ఎగురవేసిరి. దాని పేరు ప్రపంచమంతట వ్యాపించెను. రెండు దశాబ్దముల అనుభవముపై ఈ ఇంజను చెడుట మిక్కిలి అరుదని తేలగా, కొందరు నిర్మాతలు లిండ్‌బర్గు ప్రశ్ననే మరల వేసిరి: ఇంత నమ్మకమైనది ఒకటి యుండగా రెండవది యేల? 1982లో సెస్నా కారవాన్, 1988లో ఫ్రాన్సున టి.బి.ఎం. 700, 1991లో స్విట్జర్లాండున పిలాటస్ పి.సి.12 ఒక్కొక్క పి.టి.6తోనే ఎగిరినవి. ఈ విధముగా వాదికిని ప్రతివాదికిని సాక్షి యొక్కడే యయ్యెను.

ఇక చోదకుని పీఠమునుండి చూతము. మొదట జంట ఇంజన్ల సంగతి. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు ఆగిపోయి రెండవది లాగుచునే యున్నచో బండి తిన్నగా పోదు; ఆగిన ఎద్దు వైపునకే తిరుగును. విమానమును అంతే. చెడిన ఇంజను వైపునకు ముక్కు తిరుగును. ఆ వైపు రెక్క క్రుంగును. చోదకుడు వెంటనే మంచి ఇంజను వైపు పాదముతో చుక్కాని మీటను బలముగా నొక్కి పట్టవలెను. తిరుగక గాలికి అడ్డుపడు ప్రొపెల్లరు రేకులను కత్తి అంచువలె గాలికి ఎదురుగా త్రిప్పవలెను. దీనిని ఫెదరింగు అందురు. వేగము ఒక హద్దునకు దిగువకు పోరాదు. పోయెనా, చుక్కాని శక్తి చాలక, మంచి ఇంజనే విమానమును తలక్రిందులు చేయును! నేలకు చేరువలో ముక్కు పైకెత్తవలెనని చేయి కోరును; దించవలెనని శాస్త్రము చెప్పును.

ఒక ఇంజను పోయిన సగము బలమేగదా పోయినది అనువారు జమాఖర్చు నెరుగనివారు. ఒక కుటుంబమునకు ఆదాయము నూరు, ఖర్చు నలుబది అనుకొందము, మిగులు అరువది. ఆదాయము ఏబదికి తగ్గినది, ఖర్చు తగ్గలేదు. మిగులు పది మాత్రమే. ఆదాయములో సగము పోగా మిగులులో ఆరింట అయిదు పాళ్లు పోయినవి. విమానము సమతలమున నిలిచి యెగురుటకు కావలసినది ఖర్చు. పైకెక్కుటకు పనికివచ్చునది మిగులు. పైగా చచ్చిన ప్రొపెల్లరు, వంకరగా పోవు శరీరము ఖర్చును పెంచును. అందుచే ఒక ఇంజను చెడిన విమానము ఎగురగలదు గాని, ఎక్కుటకు దానికి శక్తి మిక్కిలి స్వల్పము.

2019 జూన్ 30న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు అడిసన్ అను చోట జంట ఇంజన్ల కింగ్ ఎయిర్ విమానమొకటి లేచిన కొన్ని క్షణములలోనే ఎడమ ఇంజను బలము తగ్గెను. కుడి పాదము నొక్కవలసిన చోట మొదట ఎడమ పాదము నొక్కబడినట్లు దర్యాప్తు తేల్చెను. లోనున్న పదిమందియు మరణించిరి. 2015 ఫిబ్రవరి 4న తైపే నగరమున ఏ.టి.ఆర్. 72 విమానమున రెండవ ఇంజను ప్రొపెల్లరు దానంతటదియే ఫెదరు కాగా, చోదకుడు పొరపాటున చక్కగా తిరుగుచున్న మొదటి ఇంజనును ఆపివేసెను. 58 మందిలో 43 మంది మృతులైరి. రెండవ ఇంజను వారిని రక్షింపలేదు. ఏది చెడినదో నిర్ణయింపవలసిన భారమును మాత్రము చోదకుని తలపై మోపినది. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఒక ఇంజనుతో సురక్షితముగా ఇల్లు చేరిన విమానముల సంగతి పత్రికలలో రాదు. ఎత్తున నిలకడగా పోవునప్పుడు, క్రింద అడవియో సముద్రమో చీకటియో యున్నప్పుడు, రెండవ ఇంజను వెలకట్టరానిది. ప్రమాదమంతయు నేలను విడుచు ఆ కొద్ది క్షణములలోనే దాగియున్నది.

ఒంటి ఇంజను చోదకునకు ఈ ధర్మసందేహము లేదు. ఇంజను ఆగినచో ఏది ఆగినదని వెదుకనక్కరలేదు. ముక్కు దించి, ప్రొపెల్లరును ఫెదరు చేసి, గ్రద్దవలె తేలుచు దిగుటకు చోటు చూచుకొనవలెను. పి.సి.12 పదివేల అడుగుల ఎత్తునుండి గాలి లేనిచో 40 కిలోమీటర్లకు పైగా తేలిపోగలదు. శాసనమును ఆతనికి కొంత తోడుపడినది. ఒంటి ఇంజను విమానము రెక్కలపై నిలువగల కనీస వేగము 61 నాట్లకు, అనగా గంటకు 113 కిలోమీటర్లకు, మించరాదని అమెరికా నిబంధన చిరకాలము విధించెను. సీట్లు మున్నగువానిని మరింత దృఢముగా నిర్మించిన విమానములకు తరువాత కొంత సడలింపు కలిగెను. వేగము రెట్టింపైన తాకిడి నాలుగు రెట్లగును గనుక, మెల్లగా దిగగలుగుటయే ఈ విమానములకు రెండవ ఇంజను. 2001లో భూప్రదక్షిణము చేయుచుండిన పి.సి.12 ఒకటి ఇంజను చెడి ఓఖోట్‌స్క్ సముద్రమున దిగెను; నలుగురును బ్రతికిరి. కాని క్రింద కొండలు, పైన మబ్బులు, అర్ధరాత్రి అయినచో తేలుటకు వ్యవధి యున్నను దిగుటకు చోటుండదు. అందువలననే కూలి చెల్లించు ప్రయాణికులను ఒంటి ఇంజనుపై మబ్బులలో కొనిపోవుటకు ప్రభుత్వములు చిరకాలము ఒప్పుకొనలేదు. కెనడా 1993లో, అమెరికా 1997లో, ఐరోపా సమాజము 2017లో టర్బైను విమానములకు ఆ అనుమతి నిచ్చినవి. ఐరోపా ఇరువది యేండ్లకు పైగా వెనుకాడుటను పిరికితనమనుట తగదు.

ఈ రెండు పక్షములును ఒకే ఇంట కాపురముండు చోటు ఆస్ట్రేలియాలో గలదు. 1928 మే 17న క్లాంకరీ అను ఊరినుండి ఎగిరే వైద్యుల సంస్థవారి మొదటి విమానము లేచెను. అది ఒంటి ఇంజను డి హావిలండ్ విమానము. వైద్యుడు లోపల గదిలోను, చోదకుడు వెనుక కప్పు లేని పీఠమునందును కూర్చుండిరి. రేడియో లేదు, నదులు, కంచెలు చూచుకొనుచు దారి పట్టవలెను. కాలక్రమమున ఆ సంస్థ జంట ఇంజన్ల కింగ్ ఎయిర్ విమానములను చేపట్టెను. 1990ల నడుమ దానిలోని యొక శాఖ పి.సి.12 లను కొని మరల ఒంటి ఇంజనునకు వచ్చెను. నేటికిని అందు రెండు తెగలును రోగులను మోయుచున్నవి.

మన సీమయందును ఈ కథకు చోటున్నది. హైదరాబాదు చెంత దుండిగల్ వైమానిక విద్యాలయమున 2013 నుండి వాయుసేన శిష్యులు పిలాటస్ పి.సి.7 మార్క్ 2 అను ఒంటి ఇంజను విమానముపై అక్షరాభ్యాసము చేయుచు వచ్చిరి. భారతదేశము వీనిని 75 కొనెను. ఇందు ఇంజను పి.టి.6 వంశమునదే, గురువునకును శిష్యునకును ప్రమాదమున పైకి విసరి కాపాడు పీఠములున్నవి. రవాణా విమానములకు ఎన్నికైనవారు అటుపిమ్మట బెంగుళూరు చెంత ఎలహంకలో జంట ఇంజన్ల డోర్నియర్ 228 పై అభ్యసించిరి. ఆ విమానములు కాన్పూరున తయారైనవి. జంట ఇంజన్ల శిక్షణలో బోధకుడు చెప్పాపెట్టక ఒక ఇంజను బలమును తగ్గించును. ముక్కు ఒక ప్రక్కకు లాగును. శిష్యుడు మీటలపై చేయి వేయరాదు. మొదట విమానమును తిన్నగా నిలిపి, తన పాదములను గమనించవలెను. ఏ పాదము పని లేక ఊరక యున్నదో, ఆ వైపు ఇంజనే చెడినది.