కోబాల్ వచ్చినోళ్ళు కావాలి: అమెరికా నుంచి అమీర్‌పేట దాకా

2020 ఏప్రిల్ గుర్తుందా? లాక్‌డౌన్ టైమ్. అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ ప్రెస్ మీట్ పెట్టి, కోబాల్ తెలిసిన వాళ్ళు వాలంటీర్లుగా రండి అని అడిగాడు. ఉద్యోగాలు పోయిన వాళ్ళు నిరుద్యోగ భృతికి ఎగబడుతున్నారు, ఆ భృతి లెక్కలు చూసే సిస్టమేమో నలభై ఏళ్ళ నాటిది. దాన్ని ముట్టుకునే మనుషులు దొరకట్లేదు.

ఇదే వెతుకులాట అంతకు ఇరవై ఏళ్ళ ముందు మన అమీర్‌పేట దాకా వచ్చింది. ఇవాళ్టి కథ అదే.

కోబాల్ 1959లో మొదలైంది. బ్యాంకులు, ఇన్సూరెన్స్, జీతాలు, పెన్షన్లు అన్నీ దాని మీదే నడిచాయి. అప్పట్లో పంచ్ కార్డు మీద ఉండేది 80 గళ్ళు. మెమరీ బంగారం లాంటిది. అందుకే 1965 అని రాయకుండా 65 అని రాశారు. కోబాల్‌లో దాన్ని ‘పిక్ 99’ అంటారు, అంటే రెండంకెల గడి. ఇప్పుడు 2000లో 65లో పుట్టినోడి వయసు లెక్కెయ్యండి. సున్నాలోంచి 65 తీసేస్తే మైనస్ 65. కానీ ఆ గడిలో మైనస్ గుర్తు పట్టదు, ఉత్త 65 మిగుల్తుంది. ముప్పై ఐదేళ్ళ మనిషి రాత్రికి రాత్రి ముసలాడైపోతాడు! బాబ్ బెమర్ అనే ప్రోగ్రామర్ ఈ ప్రమాదం గురించి 1970ల్లోనే రాశాడు. అప్పటిదాకా ఈ ప్రోగ్రాములు ఎవరు వాడతార్లే అనుకున్నారు. వాడారు.

1990ల చివరికి అక్కడ పెద్దోళ్ళు రిటైరవుతున్నారు, కుర్రోళ్ళు జావా, వెబ్ వైపు పోయారు. కోట్ల లైన్ల పాత కోడ్‌లో తేదీ ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. పని సులువే, కానీ విసుగు. ఎక్కువమంది కావాలి, తక్కువ ఖర్చులో కావాలి.

మరి మనమే ఎందుకు? 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్ళిపోయింది. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమంటే ఒప్పుకోలేదు. అది వదిలేసిన మెషీన్ల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసింది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అప్పటికే సొంతంగా కంప్యూటర్లు తయారు చేస్తోంది. కాబట్టి పెద్ద మెషీన్లు తెలిసిన వాళ్ళు మన దగ్గర కొందరున్నారు. కానీ ఆ కొందరు ఏమూలకి? మిగతా వాళ్ళని అమీర్‌పేట తయారు చేసింది. మైత్రీవనం చుట్టూ బోర్డులే బోర్డులు: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. కొన్ని నెలల కోర్సు, జిరాక్స్ నోట్సు, ఒక రెజ్యూమే. అసలు మెయిన్‌ఫ్రేమ్‌ని కళ్ళతో చూడకుండానే విమానం ఎక్కినోళ్ళు కూడా ఉన్నారు. అమెరికా కూడా ఏడాదికి 65,000 ఉన్న హెచ్1బీ వీసాల్ని 1999, 2000కి 1,15,000 చేసింది.

ఇక్కడ ఒక పుస్తకం గురించి చెప్పాలి. షియాంగ్ బియావో అనే చైనా ఆంత్రోపాలజిస్ట్ హైదరాబాద్‌లో, సిడ్నీలో మన తెలుగు ఐటీ వాళ్ళ మధ్య తిరిగి ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అని రాశాడు, 2007లో వచ్చింది. ఈ చదువులకి, కన్సల్టెన్సీ ఫీజులకి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందంటే, పొలం మీద మిగులు, పెళ్ళిలో కట్నం అంటాడు. నాకు అది చదివాక మనసు అదోలా అయింది. అమెరికా బ్యాంకుల రెండంకెల పొదుపుని సరిదిద్దడానికి పెట్టుబడి పెట్టింది మన ఊళ్ళ ఆడపిల్లల తండ్రులన్నమాట. కాలవ నీళ్ళున్న డెల్టాలో అయితే మిగులు అనొచ్చు. మా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో వాన పడితేనే పంట. ఇక్కడ అదే ఫీజు కట్టాలంటే అప్పే దారి.

2000 జనవరి 1 వచ్చింది, పెద్దగా ఏమీ జరగలేదు. సరిచేశారు కాబట్టే జరగలేదు, ఆ క్రెడిట్ మాత్రం ఎవరూ ఇవ్వరు. మార్చి తర్వాత నాస్‌డాక్ పడింది. కాంట్రాక్టులు అయిపోయాయి. చాలామంది బెంచ్ మీద, జీతం లేకుండా. రెజ్యూమేలో కోబాల్ కొట్టేసి జావా పెట్టుకున్నారు. అప్పు అక్కడే ఉంది.

సరే, మరి 2020లో మళ్ళీ మనుషులు దొరకలేదెందుకు? భాష కష్టమని కాదు. నేను కోడింగ్ జాబ్ చేసినోణ్ణే, కోబాల్ వ్యాకరణం రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. మా ఉదయగిరి చెక్క గరిటెలు తెలుసుగా, జీఐ గుర్తింపు ఉంది. ఉలి ఎలా పట్టుకోవాలో ఒక్క పూటలో చూపిస్తారు. ఏ కర్ర ఎక్కడ చీలుతుందో తెలియాలంటే పెద్దోళ్ళ పక్కన ఏళ్ళు కూర్చోవాలి. ఆ భృతి సిస్టమ్‌లో ఫలానా షరతు ఎందుకు పెట్టారో రాసినోడికే తెలుసు. ఆయన పక్కన ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

పైగా వైటూకేలో చాలా చోట్ల గడి పెంచలేదు. ఒక అంకె గీత గీసి, అంతకంటే తక్కువైతే 2000లు, ఎక్కువైతే 1900లు అనుకోమని కోడ్‌కి చెప్పి వదిలేశారు. గీత 50 దగ్గర గీసి ఉంటే 2050లో ఆ లెక్క మళ్ళీ తప్పుతుంది. ఆ గీతలు ఎక్కడెక్కడ గీశారో తెలిసిన వాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. మీ ఇంట్లో బాబాయో మేనమామో అప్పట్లో ఈ పని చేసి ఉంటే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో వాళ్ళతో మాట్లాడదాం.