సింక్రో రింగు అడిగే నూనె

1962లో ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ ఎంజీబీ స్పోర్ట్స్ కారును రోడ్డెక్కించినప్పుడు, గేర్‌బాక్స్‌లో పోయమని చెప్పింది ఇంజన్ ఆయిలే. వెనుక ఇరుసుకు మాత్రం హైపాయిడ్ ఆయిల్ పోయమంది. రెండు చోట్లా తిరిగేవి గేర్లే అయినా నూనెలు వేరు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలిస్తేనే పాత కారుకు నూనె ఎంచుకోవడం చేతనవుతుంది.

తొలినాటి గేర్‌బాక్స్‌ల కోరికలు చిన్నవి. తిన్నని పళ్ళున్న ఉక్కు గేర్లు, వాటికి చిక్కటి మినరల్ ఆయిల్. డబుల్ క్లచ్ నొక్కి పళ్ళను కలిపే నేర్పు డ్రైవరుదే. 1926లో ప్యాకార్డ్ కంపెనీ వెనుక ఇరుసులో హైపాయిడ్ గేర్లు పెట్టడంతో లెక్క మారింది. ఈ అమరికలో పినియన్ అనే చిన్న గేరు క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు మధ్యరేఖకు కిందుగా కూర్చుంటుంది. దానివల్ల ఇరుసును తిప్పే షాఫ్టు కిందికి దిగింది, కారు ఎత్తూ తగ్గింది. అయితే ఆ పళ్ళు దొర్లడంతో ఆగవు, ఒకదానిమీద ఒకటి గట్టిగా జారతాయి. మామూలు నూనె పొర ఆ ఒత్తిడికి నిలవదు. అందుకే గంధకం, క్లోరిన్, సీసపు సబ్బుల వంటివి కలిపారు. పళ్ళు రాసుకున్నచోట పుట్టే వేడికి ఇవి ఉక్కుతో రసాయన చర్య జరిపి పలుచని పొర కడతాయి. లోహం లోహానికి అతుక్కోకుండా ఆపేది ఆ పొరే. ఈ పనికి గంధకం పట్టించిన స్పెర్మ్ తిమింగలం నూనెను కూడా చాలాకాలం వాడారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాక రసాయనవేత్తలు ప్రత్యామ్నాయాల వేటలో పడ్డారు. 

హైపాయిడ్ వచ్చిన రెండేళ్ళకు, 1928లో, కాడిలాక్ సింక్రోమెష్ తెచ్చింది. గేరు పడబోయే ముందు శంకువు ఆకారపు రింగు ఒకటి గేరును పట్టుకుని రెంటి వేగాన్నీ సమం చేస్తుంది. ఆ పట్టు రాపిడి వల్లే వస్తుంది. రాపిడి మరీ తగ్గితే రింగు జారిపోయి గేరు కరకరమంటుంది. ఇరుసేమో తన పళ్ళను కాపాడే ఘాటైన రసాయనం కోరింది, సింక్రో ఏమో కాస్త పట్టు మిగల్చమంది. అసలు చిక్కు ఇదే. పైగా ఈ రింగులను చాలా కార్లలో ఇత్తడితోనో కంచుతోనో చేశారు. రెంటిలోనూ ఉండేది రాగి, గంధకం దాన్ని తినేస్తుంది.

అమెరికా సైన్యం తన వాహనాల కోసం రూపొందించిన ప్రమాణాల నుంచే నేటి జీఎల్-4, జీఎల్-5 అనే గేర్ ఆయిల్ తరగతులు ఎదిగాయి. జీఎల్-5లో ఇరుసు పళ్ళను కాపాడే ఆ ఘాటైన రసాయనం పాలు జీఎల్-4కు దాదాపు రెట్టింపు. పెద్ద అంకె ఉంది కాబట్టి మెరుగైన నూనె అనుకోవడం పాత కార్ల యజమానుల్లో బాగా పాతుకున్న పొరపాటు. నిజమే, నేటి జీఎల్-5 నూనెల్లో చాలా వాటికి రాగిని కాపాడే పదార్థాలు కలుపుతున్నారు. కానీ సింక్రో పట్టు సంగతి తరగతి అంకెతో తేలదు.

చిక్కదనం విషయంలోనూ ఒక మాయ ఉంది. గేర్ ఆయిల్ కొలమానం వేరు, ఇంజన్ ఆయిల్ కొలమానం వేరు. గేర్ ఆయిల్ 90 అంటే చిక్కదనంలో ఇంజన్ ఆయిల్ 40, 50లకు దగ్గర. కాబట్టి ఎంజీబీ గేర్‌బాక్స్‌లో పోసే 20డబ్ల్యూ-50 పలుచనిదేమీ కాదు. తేడా అంతా రసాయనంలోనే. ఆ కారుకు లేకాక్ ఓవర్‌డ్రైవ్ అనే అదనపు గేరు పరికరం బిగిస్తే అది కూడా గేర్‌బాక్స్ నూనెతోనే నడుస్తుంది. అందులోనూ శంకువు క్లచ్చే ఉంది కనుక జారుడు పెంచే రసాయనాలు అక్కడా పనికిరావు. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి తిరిగిన పెట్రోల్ ఇంజనూ, ఎంజీబీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) చేసిన ఒకే కుటుంబానివి. అందుకే ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

పోర్షె 911 దారి వేరు. అందులో గేర్‌బాక్స్, క్రౌన్, పినియన్ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒకే నూనె అన్నిటికీ సరిపోవాలి. 1972 నుంచి 1986 దాకా వచ్చిన 915 గేర్‌బాక్స్‌లో పోర్షె సొంత పద్ధతి సింక్రో రింగులు ఉక్కువి, పైన మాలిబ్డినం పూత. అక్కడ గంధకం రాగిని తింటుందన్న భయం లేదు, రింగు పట్టు గురించే ఆలోచించాలి. అందుకే ఆ యజమానులు చాలామంది స్వెప్‌కో 201 వంటి జీఎల్-5 నూనెను నమ్మి వాడుతున్నారు. వాళ్ళకు కుదిరింది కదా అని అదే నూనెను ఇత్తడి రింగుల గేర్‌బాక్స్‌లో పోయడం నా దృష్టిలో తప్పు. అటువంటి వాటికి రెడ్‌లైన్ ఎమ్‌టీ-90 లాంటి, సింక్రోను దృష్టిలో పెట్టుకుని చేసిన జీఎల్-4 నూనెలున్నాయి.

కాబట్టి డబ్బా చూసే ముందు హ్యాండ్‌బుక్ చూడండి. మీ గేర్‌బాక్స్ రింగులు ఏ లోహానివో, క్రౌన్, పినియన్ అదే పెట్టెలో ఉన్నాయో లేదో కనుక్కోండి. పాత నూనె దించినప్పుడు అందులో పసుపు రంగు రజను మెరిస్తే రింగులు అరుగుతున్నట్టే, నూనె మార్చినంత మాత్రాన అవి తిరిగి రావు. మరొక్క మాట: కింది డ్రైన్ బోల్టు విప్పే ముందు పై ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో తప్పక చూసుకోండి.